విదేశంలో వేలంపాటలో ఇల్లు కొనడం ఎలా?

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి... పాట ఏ దేశంలోనైనా దాదాపు ఇలాగే ముగుస్తుంది. ఆ తర్వాత మీ నెత్తిన పడే బాధ్యత మాత్రం దేశానికో రకం. ఇంగ్లండ్‌లో సంప్రదాయ వేలమైతే సుత్తి పడిన క్షణానే ఒప్పందం కుదిరినట్టు. ధరలో పది శాతం అక్కడికక్కడే కట్టాలి. మిగతాది మామూలుగా 28 రోజుల్లో చెల్లించాలి. మనసు మార్చుకుంటే ఆ పది శాతం పోతుంది. ఇంటిని మళ్లీ అమ్మినప్పుడు ధర తగ్గితే ఆ తేడా కూడా మీ నుంచే వసూలు చేయవచ్చు. అందుకే అసలు పనంతా పాటకు ముందు వారాల్లోనే ఉంటుంది.

1. మీకు కొనే హక్కు ఉందో లేదో చూసుకోండి

ఇది తేలకుండా ఇళ్ల ఫోటోలు చూస్తూ కూర్చోవడం కాలయాపన. న్యూజిలాండ్ 2018లో చట్టం మార్చి, చాలామంది విదేశీయులు పాత ఇళ్లు (అంటే ఇప్పటికే కట్టి ఉన్నవి) కొనకుండా కట్టడి చేసింది. కెనడాలో 2023 జనవరి 1 నుంచి ఇలాంటి నిషేధమే ఉంది, కొన్ని మినహాయింపులతో. ఆస్ట్రేలియా 2025 ఏప్రిల్ 1 నుంచి పాత ఇళ్ల విషయంలో విదేశీయులకు తలుపులు మూసింది. సింగపూర్‌లో కొనవచ్చు కానీ విదేశీయులపై అదనపు స్టాంపు డ్యూటీ 60 శాతం. ఇంగ్లండ్, జపాన్‌లలో ఇల్లు కొనడానికి ఆ దేశ పౌరసత్వం అక్కర్లేదు.

2. అది ఏ రకం వేలమో తెలుసుకోండి

యజమాని తనంతట తాను వేలానికి పెట్టిన ఇల్లు వేరు, అప్పు తీర్చలేదని కోర్టు అమ్మే ఇల్లు వేరు, పన్ను బకాయి కోసం స్థానిక ప్రభుత్వం అమ్మే ఇల్లు వేరు. ఈ తేడా తెలియకుండా తక్కువ ధరకు మురిసిపోకూడదు.

జర్మనీ కోర్టు వేలంలో పాటకు కనీసం అరగంట సమయం ఇస్తారు. కేసులో సంబంధమున్నవారు అడిగితే, పాట పాడేవారు కోర్టు కట్టిన విలువలో పది శాతం ధరావతు చూపాలి. నోట్ల కట్టలు తీసుకెళ్తే ఒప్పుకోరు. జపాన్ కోర్టు అమ్మకాల్లో సాధారణంగా నోటిపాట ఉండదు, కవరులో సీలు వేసి ధర ఇవ్వాలి. కోర్టు నిర్ణయించిన ప్రామాణిక ధరలో 80 శాతానికి తగ్గకూడదు. ధరావతు మామూలుగా అదే ప్రామాణిక ధరలో 20 శాతం.

అన్నిటికన్నా తిరకాసు పన్ను వేలాలతోనే. అమెరికాలోని టెక్సాస్‌లో అలా అమ్ముడైన ఇల్లు పాత యజమాని సొంత నివాసమైతే, రెండేళ్లలోపు దాన్ని వెనక్కి తీసుకునే హక్కు ఆయనకు ఉంటుంది. మొదటి ఏడాదైతే 25 శాతం, రెండో ఏడాదైతే 50 శాతం అదనంగా ఆయన మీకు చెల్లించాలి. లాభం బాగానే ఉంది కానీ, ఆ రెండేళ్లలో ఆ ఇంటికి కొత్త వంటగది కట్టించే పని మాత్రం పెట్టుకోకండి.

3. కాగితాలు చదివించండి

ఇంగ్లండ్‌లో వేలం సంస్థలు ప్రతి ఇంటికీ న్యాయపత్రాల కట్ట ఇస్తాయి: హక్కు పత్రం, లీజు, ప్రత్యేక షరతులు వగైరా. అందరూ హక్కు పత్రంతో మొదలుపెడతారు. నేనైతే ప్రత్యేక షరతులతో మొదలుపెట్టమంటాను. అమ్మేవారి న్యాయవాది రుసుము, పాత సర్వీసు ఛార్జీల (భవనం నిర్వహణ రుసుముల) బకాయి కొనేవారే కట్టాలని ఒక్క వాక్యంలో రాసి ఉండేది అక్కడే. అక్కడ ఫ్లాట్లు చాలావరకు దీర్ఘకాల లీజు మీదే అమ్ముతారు, కాబట్టి ఫ్లాటైతే లీజు ఇంకా ఎన్నేళ్లుందో చూడండి. 58 ఏళ్లే మిగిలిన లీజు మీద రుణం దొరకడం కష్టం, దాన్ని పొడిగించుకోవడానికి పెద్ద మొత్తమే అవుతుంది. ధర చౌకగా కనబడటానికి సగం కారణం అదే కావచ్చు.

ఆ దేశపు న్యాయవాదిని మీరే పెట్టుకోండి. అమ్మేవారు సూచించిన వ్యక్తి వద్దు.

4. మీ తరఫున ఒకరిని ఇంటికి పంపండి

ప్రకటనలో ఇంటి ముందు భాగం ఫోటోలు ఆరు ఉండి, లోపలిది ఒక్కటీ లేకపోతే అనుమానించాల్సిందే. భవనాలను పరీక్షించే సర్వేయరుకు రుసుము ఇచ్చి నివేదిక తెప్పించుకోండి. కోర్టు వేలాల్లో లోపలికి వెళ్లే వీలు చాలాసార్లు ఉండదు. అప్పుడు కోర్టు నియమించిన నిపుణుడి నివేదికే ఆధారం, లోపల ఎవరు ఉంటున్నారో కూడా అందులోనే వెతకాలి.

5. పూర్తి ఖర్చు లెక్క వేయండి

ఇంగ్లండ్‌లో 1,50,000 పౌండ్లకు పాట మీకే ఖాయమైందనుకుందాం. మామూలు స్టాంపు డ్యూటీ 500 పౌండ్లే. ప్రపంచంలో ఎక్కడైనా మీకు మరో ఇల్లుంటే మొత్తం ధరపై 5 శాతం, ముందరి ఏడాదిలో బ్రిటన్‌లో 183 రోజులు లేకపోతే మరో 2 శాతం కలుస్తాయి. మొత్తం 11,000 పౌండ్లు. దీనికి తోడు వేలం సంస్థ రుసుము, న్యాయవాది, సర్వేయరు, మరమ్మతులు, కరెన్సీ మార్పిడిలో పోయేది. ప్రకటనలో కనిపించే సూచిక ధరను నమ్ముకోకండి. అమ్మేవారి కనీస ధర దానికన్నా పది శాతం వరకు ఎక్కువ ఉండవచ్చు.

6. డబ్బు సిద్ధం చేసుకోండి

పాస్‌పోర్టు, చిరునామా రుజువు, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే పత్రాలు ముందే ఇచ్చి పేరు నమోదు చేసుకోవాలి. విదేశీ బదిలీకి బ్యాంకు ప్రశ్నలు వేస్తే నాలుగు రోజులు ఇట్టే గడిచిపోతాయి, కాబట్టి పాటకు ముందే సొమ్ము అక్కడికి చేర్చండి. "మా ఖాతా నంబరు మారింది" అని ఈమెయిల్ వస్తే, మీ దగ్గర ముందునుంచీ ఉన్న ఫోను నంబరుకే చేసి న్యాయవాది గొంతు విన్నాకే పంపండి.

7. పాట రోజు

ఫోనులోనో ఆన్‌లైన్‌లోనో పాడవచ్చు, ప్రతినిధిని పెట్టుకోవచ్చు. మీ గరిష్ఠ ధరను కాగితం మీద రాసి ఎదుట పెట్టుకోండి. ఆ ఉదయమే సవరణల పత్రం చూడండి, రాత్రికి రాత్రి షరతులు మారుతుంటాయి. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో గడియారాలు మారుస్తారు కాబట్టి మీ సమయంతో ఎంత తేడా ఉందో సరిచూసుకోండి.

8. పాట ఖాయమయ్యాక

ఇంగ్లండ్ వేలాల్లో సుత్తి పడిన దగ్గరి నుంచి ఇంటికి జరిగే నష్టం తరచుగా కొన్నవారిదే, బీమా ఆ రోజే తీసుకోండి. కొనుగోలు పూర్తయిన 14 రోజుల్లో స్టాంపు డ్యూటీ పత్రం దాఖలు చేయాలి. న్యాయవాది ఆ పని చూసుకుని రిజిస్ట్రేషన్‌కు పంపుతారు. తాళంచెవి అందగానే తాళాలు మార్పించి, కరెంటు, నీరు, గ్యాసు మీటర్ల రీడింగులు తేదీతో ఫోటో తీయించండి. పాత బకాయిల బిల్లు వస్తే చూపించడానికి ఆ ఫోటోలే ఉంటాయి.