డిస్క్ తిరిగితే వైఫై పోతోంది: నా అనుభవం

కూకట్‌పల్లిలో మా ఇంట్లో రౌటర్ హాల్లో, సర్వర్‌గా వాడే పాత పీసీ వెనక గదిలో, మధ్యలో కేబుల్ లాగుదామంటే ఓనర్ గారు గోడకు చిల్లు పెట్టనివ్వరు, అందుకే యూఎస్‌బీ వైఫై అడాప్టర్. మొదట అది ఆ పీసీలోని లైనక్స్‌కి సీడీ డ్రైవ్‌లా కనిపించింది (విండోస్ డ్రైవర్లు అందులోనే పెట్టి ఇస్తారు మరి). దాన్ని అడాప్టర్‌గా మార్చే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో దారికొచ్చింది.

అసలు తలనొప్పి తర్వాతే. పక్క పోర్టులో హార్డ్‌డిస్క్‌కి బ్యాకప్ మొదలవగానే పింగ్ (నెట్‌వర్క్‌లో జవాబు రావడానికి పట్టే టైమ్) ఎగబాకేది, ఒక్కోసారి కనెక్షనే పోయేది. డ్రైవర్‌ని తిట్టి లాభం లేదు. యూఎస్‌బీ 3.0 నడుస్తుంటే పుట్టే రేడియో రొద సరిగ్గా వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద పడుతుంది, 2012లోనే ఇంటెల్ రాసిపెట్టింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీలో మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, అడాప్టర్‌ని డిస్క్‌కి దూరంగా కిటికీ ఊచకి కట్టా. చాలావరకు సర్దుకుంది, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాక బ్యాకప్ నడుస్తున్నా సినిమా ఆగట్లేదు.