వర్చువల్‌బాక్స్ పోర్ట్ ఫార్వార్డింగ్: రూల్ సరిగ్గా ఉన్నా సర్వర్ పలకకపోతే

వర్చువల్‌బాక్స్‌లో (ఒక కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఉబుంటు మెషీన్ నడుస్తోంది, దాని నెట్‌వర్క్ అడాప్టర్ నాట్ పద్ధతిలో (మీ కంప్యూటర్ వెనక ఉండి దాని ద్వారానే నెట్‌వర్క్‌ను చేరే పద్ధతిలో) ఉంది, హోస్ట్‌లోని (మీ అసలు కంప్యూటర్‌లోని) 8000 పోర్టును గెస్ట్‌లోని (ఆ ఉబుంటు మెషీన్‌లోని) 8000కు మళ్లించే రూల్ కూడా రాశారు. అయినా హోస్ట్ బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోదు. ఈ సమస్యతో నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది అప్పటికే రూల్‌ను తీసేసి మళ్లీ రాసి ఉంటారు, కొందరు మెషీన్‌నే కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఉంటారు. గెస్ట్ లోపలికి వెళ్లి సర్వర్ ఏ అడ్రస్ మీద లిజన్ చేస్తోందో (కనెక్షన్ల కోసం ఎదురుచూస్తోందో) మాత్రం చూసి ఉండరు. అది అర నిమిషం పని, దయచేసి దాన్ని దాటవేయకండి.

ముందుగా కనెక్షన్ ఏ తీరున విఫలమవుతోందో గమనించాలి, ఎందుకంటే ఆ తీరును బట్టే కారణం మారుతుంది. పింగ్‌తో పరీక్షించవద్దు. పోర్ట్ ఫార్వార్డింగ్ రూళ్లు టీసీపీ, యూడీపీ అనే రెండు ప్రోటోకాల్స్‌కు మాత్రమే వర్తిస్తాయి, పింగ్ ఆ రెండింటినీ వాడదు కాబట్టి అది వచ్చినా రాకపోయినా ఇక్కడ తేలేదేమీ లేదు.

లక్షణం: అడిగిన వెంటనే “కనెక్షన్ రిఫ్యూజ్డ్”

హోస్ట్‌లో ఆ పోర్టు మీద ఏ ప్రోగ్రామూ లిజన్ చేయడం లేదని దీని అర్థం. మెషీన్ ఆన్‌లో ఉందా, అడాప్టర్ ఇంకా నాట్‌లోనే ఉందా అన్నది చూడండి. బ్రిడ్జ్‌డ్‌కు (గెస్ట్ మీ నెట్‌వర్క్‌లో విడి కంప్యూటర్‌లా చేరే పద్ధతికి) మారిస్తే ఈ రూళ్లు పనిచేయవు. లినక్స్ హోస్ట్‌లో 1024 కంటే తక్కువ పోర్టులను మామూలు యూజర్ తెరవలేడు గనుక 80కి బదులు 8080, 22కు బదులు 2222 పెట్టుకోవాలి.

లక్షణం: కనెక్షన్ కుదురుతుంది, మరుక్షణమే తెగిపోతుంది

అందరినీ ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. హోస్ట్‌లో టెల్‌నెట్ (పోర్టుకు కనెక్ట్ అయి చూసే కమాండ్) “కనెక్టెడ్” అంటుంది, కర్ల్ (పేజీని తెచ్చే కమాండ్) మాత్రం “ఎంప్టీ రిప్లై ఫ్రమ్ సర్వర్” అనో “కనెక్షన్ రీసెట్ బై పీర్” అనో చెప్పి ఆగిపోతుంది. గెస్ట్‌లోకి వెళ్లి లోకల్‌హోస్ట్‌ను 8000 పోర్టు మీద అడిగితే పేజీ చక్కగా వస్తుంది. ఇటు కనెక్ట్ అవుతోంది, అటు పేజీ వస్తోంది, కాబట్టి లోపం మధ్యలోని వర్చువల్‌బాక్స్‌దే అనిపిస్తుంది. ఆ రెండు పరీక్షలూ మనల్ని తప్పుదారి పట్టించేవే.

హోస్ట్‌లో 8000 మీద లిజన్ చేస్తున్నది మీ సర్వర్ కాదు, వర్చువల్‌బాక్స్ ప్రాసెస్. అది ముందు మీ కనెక్షన్‌ను తీసుకుని, ఆ తరువాతే గెస్ట్ అడ్రస్ అయిన 10.0.2.15కు మరో కనెక్షన్ మొదలుపెడుతుంది. గెస్ట్ దాన్ని తిరస్కరిస్తే, అప్పటికే ఒప్పుకున్న మొదటి కనెక్షన్‌ను తెంచేయడం తప్ప దానికి వేరే దారి లేదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ పలికినంత మాత్రాన పై ఫ్లాట్‌లో మనుషులు ఉన్నట్టు కాదు; టెల్‌నెట్ చెప్పే “కనెక్టెడ్” విలువ కూడా అంతే.

ఇక గెస్ట్‌లో లోకల్‌హోస్ట్ పరీక్ష లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తానే మాట్లాడుకునే అడ్రస్) అయిన 127.0.0.1 మీద జరుగుతుంది. బయటి నుంచి మళ్లించిన ట్రాఫిక్ లూప్‌బ్యాక్‌కు రాదు, 10.0.2.15 ఉన్న నెట్‌వర్క్ కార్డుకు వస్తుంది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లలో జాంగో డెవలప్‌మెంట్ సర్వర్ మామూలుగా 127.0.0.1:8000 మీద, ఫ్లాస్క్ 127.0.0.1:5000 మీద మాత్రమే లిజన్ చేస్తాయి. ఉబుంటులో ఇన్‌స్టాల్ చేసిన మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లు కూడా మొదట లోకల్‌హోస్ట్‌కే పరిమితమై ఉంటాయి. అది భద్రత కోసం కావాలని పెట్టిన ఏర్పాటే తప్ప లోపం కాదు.

నిర్ధారించుకోవడానికి గెస్ట్ టెర్మినల్‌లో సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఎస్ఎస్ కమాండ్‌ను టీ, ఎల్, ఎన్, పీ ఆప్షన్లు కలిపి నడపండి. లోకల్ అడ్రస్ కింద మీ పోర్టు ముందు 127.0.0.1 గానీ [::1] గానీ ఉంటే కారణం దొరికినట్టే, అక్కడ 0.0.0.0 లేదా నక్షత్రం గుర్తు (అన్ని అడ్రస్‌ల మీదా లిజన్ చేస్తోందని అర్థం) ఉండాలి. తరువాత గెస్ట్‌లోనే కర్ల్‌ను లోకల్‌హోస్ట్‌కు కాకుండా 10.0.2.15:8000కు పంపండి. అక్కడ “రిఫ్యూజ్డ్” వస్తే వర్చువల్‌బాక్స్ సెట్టింగులను ముట్టుకోవలసిన అవసరమే లేదు.

పరిష్కారం సర్వర్ వైపే ఉంది. జాంగోకు రన్‌సర్వర్ తరువాత 0.0.0.0:8000 అని ఇవ్వాలి, ఫ్లాస్క్‌కు హోస్ట్ ఆప్షన్‌లో 0.0.0.0 ఇవ్వాలి, మైఎస్‌క్యూఎల్ అయితే కాన్ఫిగ్ ఫైల్‌లో బైండ్-అడ్రస్ మార్చి సర్వీస్‌ను రీస్టార్ట్ చేయాలి. ఆ తరువాత మైఎస్‌క్యూఎల్ 10.0.2.2 నుంచి అనుమతి లేదని అంటే బెంబేలు పడవద్దు. హోస్ట్ నుంచి మళ్లించిన కనెక్షన్లు గెస్ట్‌కు ఆ గేట్‌వే అడ్రస్ నుంచే వచ్చినట్టు కనిపిస్తాయి, అంటే ఫార్వార్డింగ్ పనిచేస్తోంది. ఆ అడ్రస్‌కు అనుమతి ఉన్న డేటాబేస్ యూజర్‌ను సృష్టిస్తే సరిపోతుంది. అయితే 0.0.0.0 అంటే తలుపులన్నీ తెరవడమే కాబట్టి, డేటాబేస్‌కు రాసే రూల్‌లో హోస్ట్ ఐపీ గడిని ఖాళీగా వదలకుండా 127.0.0.1 పెట్టమని గట్టిగా చెబుతాను. అప్పుడు మీ కంప్యూటర్ తప్ప వైఫైలోని మరెవరూ ఆ పోర్టును చేరలేరు.

లక్షణం: జవాబే రాదు, తిరుగుతూనే ఉంటుంది

గెస్ట్‌లోని ఫైర్‌వాల్ ప్యాకెట్లను నిశ్శబ్దంగా పారేస్తోందని అనుకోవచ్చు. ఉబుంటు ఫైర్‌వాల్ సాధనం యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్ చూసి 8000 టీసీపీకి అనుమతి ఇవ్వండి. గెస్ట్‌కు ఐపీని చేత్తో మార్చి ఉంటే, రూల్‌లోని గెస్ట్ ఐపీ గడిలో ఆ కొత్త అడ్రస్‌ను రాయాలి.

లక్షణం: హోస్ట్‌లో వస్తుంది, అదే వైఫైలోని ఫోన్‌లో రాదు

రూల్‌లో హోస్ట్ ఐపీ 127.0.0.1 అని ఉంటే ఫోన్‌కు రాకపోవడమే సరైన ప్రవర్తన. ఆ గడి ఖాళీగా ఉన్నా రాకపోతే హోస్ట్‌లోని ఫైర్‌వాల్‌ను చూడండి.

మిగతావి అరుదు. పేజీకి బదులు సంబంధం లేని మరేదో కనబడితే హోస్ట్‌లో ఇంకో ప్రోగ్రామ్ ఆ పోర్టును ముందే పట్టుకుందని తెలుసుకోండి. రెండు మెషీన్లకూ 10.0.2.15 అనే ఉండటం తప్పు కాదు, నాట్‌లో ప్రతి మెషీన్‌కూ దాని నెట్‌వర్క్ దానిదే. విండోస్‌లో హైపర్-వీ (మైక్రోసాఫ్ట్ సొంత వర్చువల్ మెషీన్ సదుపాయం) ఆన్ చేసి ఉంటే కొన్ని పోర్టుల శ్రేణులు ముందే రిజర్వ్ అయిపోతాయి. వాటితో పోరాడకుండా హోస్ట్ పోర్టుకు వేరే అంకె పెట్టుకోండి.