బొమ్మల కథల్లో తప్పులు పట్టడం: ఒక పాత కంటిన్యుటీ అసిస్టెంట్ పద్ధతి

సినిమాల్లో 22 ఏళ్లు కంటిన్యుటీ రాశాను. హీరోకి ఎడమ కనుబొమ్మ మీద దెబ్బ తగిలిన సీను జనవరిలో తీస్తే, దాని తరవాతి ముక్క ఏప్రిల్లో తీసేటప్పుడు కట్టు ఎటువైపు కట్టాలో చెప్పాల్సినవాణ్ణి నేనే. ఒక్కసారి పొరబడ్డాను. వీధిలో ఎడమవైపున్న కట్టు గుమ్మం దాటేసరికి కుడివైపుకి మారింది. హాల్లో జనం ఈలలు వేశారు. నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ సినిమా పేరు అడక్కండి.

ఇప్పుడు యూసఫ్‌గూడలో ఇంటి పట్టునే ఉంటున్నాను. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కామిక్సు ఏరుకురావడం, వాటిలో తప్పులు వెతకడం, ఇదే కాలక్షేపం. మా మేనల్లుడు గోల్కొండ మీద ఒక సాహస కథ గీస్తున్నాడు. "మామయ్యా, ఒకసారి చూసిపెట్టవా" అని 48 పేజీలు తెచ్చి ముందు పడేశాడు. వాడికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను.

మొదటిసారి హాయిగా చదివేయండి. అప్పుడు తప్పులు వెతికితే కథ పోతుంది, తప్పులూ దొరకవు. రెండోసారి చివరి పేజీ నుంచి వెనక్కి రండి. వెనక్కి వస్తుంటే కథ మిమ్మల్ని లాక్కుపోదు. చొక్కా చొక్కాలాగే, కత్తి కత్తిలాగే కనబడతాయి. ఒక్కో విడతకి ఒక్కటే వస్తువు పట్టుకోండి. ఈసారి సంచీ ఒక్కటే: ఎవరి భుజాన ఉంది, ఏ భుజాన ఉంది, నదిలో దూకినప్పుడు ఏమైంది. ఒడ్డుకి చేరగానే పొడిగా భుజానికి వేలాడుతోందా? దొరికినట్టే. అన్నీ ఒకేసారి చూద్దామనుకునేవాడికి ఏదీ దొరకదు. గీతల నోటుబుక్కులో పేజీ, ఫ్రేము, వస్తువు, ఎడమా కుడా, ఈ నాలుగూ రాసుకుంటే చాలు.

అచ్చులో బొమ్మ తిరగబడటం ఇంకో రకం. చొక్కా జేబు సాధారణంగా ఎడమవైపు ఉంటుంది. మగవాళ్ల చొక్కాకి గుండీలు కుడి అంచున, కాజాలు ఎడమ అంచున. ఒక్క ఫ్రేములో జేబూ, గుండీలూ, కత్తి ఒరా మూడూ కలిసి అటునుంచి ఇటు మారాయంటే చిత్రకారుణ్ణి తిట్టకండి. ఎవరో ఫిల్ము బోర్లా పెట్టి అచ్చేశారు.

చంద్రుడి దగ్గర మాత్రం ఎవరినీ వదలను. అర్ధరాత్రి, కోటగోడ, దొంగ, పైన సన్నటి నెలవంక. ఎన్ని వందలసార్లు చూశానో! విదియ చంద్రుడు పొద్దుగూకగానే పడమట కాసేపు కనబడి దిగిపోతాడు. అమావాస్య ముందు నెలవంక తెల్లవారుజామున తూర్పున లేస్తుంది. అర్ధరాత్రికి రెండూ ఉండవు. కొందరు నెలవంక కొమ్ముల మధ్య ఒక నక్షత్రాన్ని కూడా పెడతారు. ఆ నల్లటి చోట ఉన్నదీ చంద్రుడేనండీ, దాని ముందుకి నక్షత్రం ఎలా వస్తుంది? తిథి తెలియకపోతే మీ అమ్మమ్మనడగండి.

ఇక చరిత్ర. ఇక్కడ తొందరపడితే పరువు పోతుంది. తప్పు అనే ముందు మూడు ఏళ్లు రాసుకోండి: కథ జరిగే ఏడు, బొమ్మ గీసిన ఏడు, మీ చేతిలో ఉన్న కూర్పు తయారైన ఏడు. బెల్జియం చిత్రకారుడు ఎర్జే గీసిన టిన్‌టిన్ కామిక్సుల్లో ఏడో పుస్తకం, బ్రిటన్‌లో జరిగే 'ది బ్లాక్ ఐలాండ్', మొదట 1938లో వచ్చింది. తర్వాత ఇంగ్లీషులో వెయ్యబోయిన బ్రిటిష్ ప్రచురణకర్తలు, మా దేశం ఇలా ఉండదని 131 తప్పులు జాబితా రాసి పంపారు. ఎర్జే తన సహాయకుణ్ణి అక్కడికి పంపి, కొలతలతో సహా వివరాలు తెప్పించుకుని మొత్తం కొత్తగా గీయించాడు. అది 1966లో వచ్చింది. తప్పులు పోయాయి, అతుకు ఊడింది. ఏడో పుస్తకంలో అరవైల నాటి బ్రిటన్, ఎనిమిదో పుస్తకం తెరిస్తే మళ్లీ ముప్పైల నాటి యూరప్! వరసగా చదివేవాడికి కాలం వెనక్కి నడుస్తుంది. అలాగే, చమురు కథ 'ల్యాండ్ ఆఫ్ బ్లాక్ గోల్డ్' 1939లో మొదలై, జర్మన్లు బెల్జియం మీద పడటంతో 1940లో ఆగిపోయి, 1948లో మళ్లీ మొదలైంది. ఈ మధ్యలో కెప్టెన్ హాడక్ అనే పాత్ర పుట్టింది. అందుకే హాడక్ చివర్లో ఊడిపడతాడు, ఎలా వచ్చాడో చెప్పబోతాడు, చెప్పనే చెప్పడు. ఎర్జే అతుకుని జోకుగా మార్చేశాడు. సినిమావాడిగా దండం పెడతాను.

మనవాళ్ల కథల్లో వంటిల్లు, పొలం ముందు చూడండి. మిరప, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జామ, పొగాకు అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. 1492కి ముందు ఇక్కడ లేవు. ఓరుగల్లు 1323లో పడిపోయింది. కాబట్టి కాకతీయ సైనికుడు మొక్కజొన్న చేలో దాక్కోకూడదు. జొన్నచేనుంది కదా, అందులో దాక్కోమనండి. ఆయుధాలకీ దుస్తులకీ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పూట తిరిగితే సగం పని అయిపోతుంది.

మా వాడి కథ 1687లో, ఔరంగజేబు ముట్టడి రోజుల్లో జరుగుతుంది. చార్మినార్ అద్భుతంగా గీశాడు, గడియారంతో సహా. చార్మినార్ 1591 నాటిదే గాని గడియారాలు పెట్టింది 1889లో. దొంగని నయాపూల్ మీదుగా పరిగెత్తించాడు. అప్పటికి మూసీ దాటాలంటే 1578లో కట్టిన పురానాపూల్ వంతెన ఒక్కటే ఉంది. అన్నిటికన్నా చిన్నది, నాకు బాగా నచ్చినది ఇంకోటుంది: కుతుబ్‌షాహీ కాపలావాడు "ఫతే దర్వాజా మూసెయ్" అని అరుస్తాడు. ఔరంగజేబు సేన గెలిచి ఆ ద్వారంలోంచి లోపలికొచ్చాకే దానికి ఆ పేరొచ్చిందంటారు. ఓడిపోబోయేవాడి నోట గెలుపు పేరా?

గడియారం చెరిపాడు, వంతెన మార్చాడు, కాపలావాడి చేత ఉత్త "దర్వాజా మూసెయ్" అనిపించాడు. చంద్రుడి దగ్గర మొండికేశాడు. "వెలుగు లేకపోతే దొంగ కనబడడు మామయ్యా." సరే, 14వ పేజీని పున్నమి చెయ్యమన్నాను. చేశాడు. మరి 31వ పేజీ మూడు రాత్రుల తర్వాత, అంటే బహుళ తదియ. చంద్రుడు పొద్దుగూకిన రెండు గంటలకి గాని లేవడు, దొంగేమో చీకటి పడగానే గోడెక్కుతున్నాడు. ఇప్పుడు దొంగని ఆపాలా, చంద్రుణ్ణి తియ్యాలా అని రబ్బరు పట్టుకుని కూర్చున్నాడు.