టిహువానాలో ఇల్లు కట్టడానికి వెళ్తున్నారా? పార పట్టే ముందు చదవండి

కాలిఫోర్నియాలో చదివే మన పిల్లలు కొందరు స్ప్రింగ్ బ్రేక్‌లో చర్చి గ్రూపులతోనో, కాలేజీ క్రిస్టియన్ ఫెలోషిప్‌తోనో సరిహద్దు దాటి మెక్సికోలోని టిహువానా వెళ్తుంటారు. కొండవాలు కాలనీల్లో పాత గ్యారేజీ తలుపులే గోడలుగా పెట్టుకుని బతికే కుటుంబాలున్నాయి. అలాంటి ఒక కుటుంబానికి కొద్ది రోజుల్లో చిన్న ఇల్లు కట్టి రావడం వీళ్ళ పని. నేను సివిల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. అంతకుముందు నుంచీ నరసరావుపేటలో ఒక తాపీ మేస్త్రీ కూతుర్ని. పాటలు, ప్రార్థనల సంగతి పాస్టర్‌గారు చూసుకుంటారు. నేను సిమెంటు సంగతి చెప్తాను.

ముందు కాగితాలు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్టుతో పాటు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం ట్రావెల్ సంతకంతో దగ్గర పెట్టుకోవాలి. అమెరికా వీసా గడువు మిగిలి ఉంటే మన పాస్‌పోర్టు వాళ్ళకి మెక్సికో వీసా అక్కర్లేదు. గడువు అయిపోతే మెక్సికో వీసా కూడా కావాలి. సీనియర్ ఎవరో చెప్పారని బయల్దేరకండి, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి వెళ్ళండి. వ్యాన్ నడిపేవాళ్ళు మెక్సికో ఇన్సూరెన్స్ విడిగా కొనాలి.

ఇక డబ్బు. "మీ ప్రయాణాల ఖర్చు అక్కడి మేస్త్రీలకే ఇస్తే ఇంకా బాగా కడతారు కదమ్మా" అన్నాడు మా నాన్న ఫోన్లో. ఆ మాట నిజమే, నా దగ్గర దానికి జవాబు లేదు. కాబట్టి వెళ్ళాలనే అనుకుంటే, సామాను టిహువానాలోనే కొని, స్థానిక మేస్త్రీకి కూలి ఇచ్చి పెట్టుకునే గ్రూపుతో వెళ్ళండి. స్థలం కాగితాలు ఆ కుటుంబం పేరు మీదే ఉన్నాయా అని కూడా అడగండి. లేకపోతే కట్టిన ఇంట్లోంచి వాళ్ళని ఎవరైనా వెళ్ళగొట్టొచ్చు.

అక్కడ తరచుగా కట్టే కొలత 11 అడుగులు, 22 అడుగులు. నాలుగు మూలలా మేకులు కొట్టి దారం కట్టాక, రెండు ఐమూలలూ కొలవండి. రెండూ 24 అడుగుల 7 అంగుళాల చిల్లర రావాలి, ముఖ్యంగా రెండూ సమానంగా రావాలి. తేడా కనిపిస్తే దారం దగ్గరే సరిచేయండి. వదిలేస్తే పైకప్పు ప్లైవుడ్ షీట్లు వేసేటప్పుడు ఒక వైపు ఖాళీ, ఇంకో వైపు కోత.

అసలు కష్టం నేల పోయడంలో ఉంది. నాలుగు అంగుళాల మందం అంటే దాదాపు 80 ఘనపుటడుగుల కాంక్రీటు, అంటే ఐదున్నర టన్నులు. మిక్సర్ లేకపోతే మొత్తం పారలతోనే కలపాలి. జిమ్‌లో బరువులెత్తే అబ్బాయిలు తొలి గంటలో హుషారు చూపించి మధ్యాహ్నానికి నీడ వెతుక్కుంటారు. కాసేపటికోసారి మనుషుల్ని మార్చండి.

నీళ్ళ డబ్బా మాత్రం ఒక్కరి చేతిలోనే ఉండాలి, వాళ్ళు మొండివాళ్ళయితే మరీ మంచిది. కాంక్రీటు జారుగా ఉంటే పార తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి, అలసిపోయిన ప్రతివాడూ "ఇంకొంచెం పోయవా" అంటాడు. ఎక్కువైన ఆ నీళ్ళే నేల బలం తగ్గించి పగుళ్ళు తెస్తాయి. మా నాన్న దగ్గర పనిచేసేవాళ్ళు ఈ విషయంలోనే ఎక్కువ తిట్లు తిన్నారు.

రబ్బరు గ్లోవ్స్, బూట్లు తప్పనిసరి. పచ్చి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, మంట వెంటనే తెలియదు. బూటులోకి పోతే ఫోటో దిగడం ఆపి కాలు కడుక్కోండి.

గోడలకి కలప చట్రం, దాని మీద తారు కాగితం, ఆపైన చికెన్ మెష్ (సన్న ఇనుప వల), తర్వాత సిమెంటు పూత. మెష్ బిగుతుగా లాగకపోతే పూత నిలవదు. మన దగ్గర తాపీతో మాలు విసిరికొడతారు. ఇక్కడ కింద నుంచి పైకి ఒత్తుకుంటూ పోవాలి, లేకపోతే మెష్ వెనక డొల్లగా ఉండిపోతుంది. మొదటి పూత ఆరకముందే అడ్డంగా గీతలు గీయండి, రెండోది పట్టుకోవడానికి.

ఆ ఇంటివాళ్ళు మనతో పాటే పని చేస్తారు. కిటికీ ఎక్కడ పెట్టాలో, తలుపు ఎటు తెరుచుకోవాలో ఆ ఇల్లాలిని అడగండి. మేస్త్రీ మాట మీద మాట్లాడకండి, మీ డిగ్రీ ఏదైనా సరే. పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగడం నాకు నచ్చదు. అడక్కుండా అయితే అసలు దిగొద్దు.

చివరగా, చాలామంది లెక్కలో రాయనిది: పూత పగలకుండా ఉండాలంటే మీరు వెళ్ళిపోయాక కూడా కొన్ని రోజులు ఉదయం సాయంత్రం గోడలకి నీళ్ళు కొట్టాలి. ఆ కాలనీల్లో చాలా ఇళ్ళకి కుళాయి ఉండదు. ట్యాంకర్ వస్తే డబ్బులిచ్చి పీపాల్లో పట్టుకుంటారు. తాగే నీళ్ళు గోడకి పోయమంటే ఎవరు పోస్తారు? ఒక ట్యాంకర్ డబ్బు ముందే బడ్జెట్‌లో రాసుకుని, మేస్త్రీ ఎదురుగా ఆ ఇంటివాళ్ళ చేతికివ్వండి.