మాటల్లో ఇంగ్లీషు – 14వ పాఠం: నొప్పి లేని ‘పెయిన్’

పోయిన పాఠంలో ‘సిక్’ చూశాం. కుర్రకారు "దట్స్ సిక్!" అంటే అది మెచ్చుకోలని తెలిశాక, ఇంగ్లీషు మీద ఉన్న కాస్త నమ్మకమూ పోయిందని ఒకరిద్దరు వాపోయారు. ఇవాళ అంత తలకిందుల వ్యవహారమేం లేదు. ‘పెయిన్’ అంటే నొప్పే. కాకపోతే అది ఒక్కోసారి మన ఒంట్లో కాక ఎదుటి మనిషి రూపంలో ఉంటుంది.

నా దగ్గర నేర్చుకున్న ఒకాయన, అత్తగారికి నడుం పట్టేస్తే ఆఫీసుకి సెలవు మెయిల్ పెట్టాడు: "మై మదర్ ఇన్ లా ఈజ్ ఏ పెయిన్." లండన్‌లో ఉన్న మేనేజరు మారుమాట లేకుండా సెలవిచ్చి, చివర ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాడు. ఎందుకు నవ్వాడో మావాడికి నెల తర్వాత గానీ తెలియలేదు. రాయాల్సింది "ఈజ్ ఇన్ పెయిన్". ‘ఇన్ పెయిన్’ అంటే బాధపడుతోంది, ‘ఏ పెయిన్’ అంటే బాధపెడుతోంది. పాఠమంతా మరిచిపోయినా ఇదొక్కటి పట్టుకోండి.

"హీ ఈజ్ సచ్ ఏ పెయిన్" అంటే వాడితో వేగలేకపోతున్నాం అని. మనం చెవిలో జోరీగ, చెప్పులో రాయి అంటామే, సరిగ్గా ఆ కొలతే. పెద్ద కష్టానికి ఈ మాట చాలదు. బస్సు తప్పిపోయినా, ఓటీపీ ఎంతకీ రాకపోయినా "వాట్ ఏ పెయిన్!" అనొచ్చు. చావు కబురు విని అంటే మాత్రం మిమ్మల్ని మనిషి కింద లెక్కెయ్యరు. పని విసిగిస్తుంటే ‘టు’ తగిలించండి: "ఇట్స్ ఏ పెయిన్ టు పార్క్ హియర్." ఇక్కడ బండి పెట్టాలంటే ప్రాణం విసిగిపోతుంది అని.

చిరాకుకి మన ఒంట్లో చోటు తల. ‘వాడో పెద్ద తలనొప్పి’ అంటాం. ఇంగ్లీషులోనూ ‘హెడేక్’ని అలా వాడతారు గానీ, వాళ్లకి అసలు చోటు మెడ: ‘పెయిన్ ఇన్ ద నెక్’. ఇది వాడుకలోకి వచ్చి సుమారు వందేళ్లయింది. ఇక్కడో సూత్రముంది. మెడ దగ్గర ఉన్నంతసేపే మర్యాద, కిందికి దిగేకొద్దీ మోటు. ‘పెయిన్ ఇన్ ద బ్యాక్‌సైడ్’ స్నేహితుల మధ్య చెల్లుతుంది. అమెరికావాళ్ల ‘యాస్’, బ్రిటిష్‌వాళ్ల ‘ఆర్స్’ చేరిస్తే బూతే. ఆ చివరి రూపానికి పొడి అక్షరాలు ‘పీఐటీఏ’. చాటింగులో కనిపిస్తే ‘పిటా’ అనే రొట్టె పేరనుకోకండి. ఇవి వింటే అర్థం కావాలి, మన నోట రాకపోతే మేలు.

అమెరికాలో ఇంకోటుంది. విందు ముగిసే వేళకి ఒకాయన్ని చూపించి "హీ ఈజ్ ఫీలింగ్ నో పెయిన్" అన్నారనుకోండి. పాపం, మాత్ర వేసుకున్నాడేమో అనుకోవద్దు. మందు బాగా ఎక్కిందని. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వినపడే ‘పెయిన్ పాయింట్’ యాస కాదు, వ్యాపార భాష. ఖాతాదారుకి ఎక్కడ ఇబ్బంది ఉందో ఆ చోటు, అంతే.

ఇక మనవాళ్ల సొంత తప్పు. ‘నొప్పి పెడుతోంది’ని ఉన్నపళంగా మార్చేసి "మై లెగ్ ఈజ్ పెయినింగ్" అంటాం. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. లండన్‌లోనూ అర్థమవుతుంది గానీ వాళ్లు అలా అనరు, "మై లెగ్ హర్ట్స్" అంటారు. వాళ్ల దగ్గర ‘పెయిన్’ క్రియ అయితే నొచ్చేది ఎక్కువగా మనసే: "ఇట్ పెయిన్స్ మీ టు సే దిస్."

బహువచనంతోనూ జాగ్రత్త. మనకి ‘నొప్పులు’ అనగానే పురుడు గుర్తొస్తుంది. "షీ టుక్ గ్రేట్ పెయిన్స్" అంటే మాత్రం ఆవిడ ఎంతో శ్రద్ధగా, శ్రమపడి చేసిందని. ఈ శ్రమ, ఆ నొప్పి, రెండూ శిక్ష నుంచే పుట్టాయి. లాటిన్‌లో ‘పోయినా’ అంటే శిక్ష. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి వచ్చి ‘పెయిన్’ అయింది. మొన్న 2024 జూలై దాకా అమల్లో ఉన్న 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లోని ‘పీనల్’ కూడా దీని చుట్టమే.

వీటిని ఇంగ్లీషులో చెప్పి చూడండి: ‘నాకు మోకాలు నొప్పెడుతోంది.’ ‘ఈ ప్రింటరుతో చచ్చే చావుగా ఉంది.’ ‘పాపం, తాతయ్య నొప్పితో బాధపడుతున్నాడు.’ ‘మా బాబాయి పెళ్లిలో మంచి హుషారు మీదున్నాడు.’ చివరిది పైకి అనే ముందు, బాబాయి పక్కన లేడని చూసుకోండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో.