ఎస్‌ఎంపీఎస్ దగ్గర డబ్బు మిగుల్చుకోకండి: తక్కువ బడ్జెట్‌లో కంప్యూటర్ బిగించుకునేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన వారం గాలివానకు కరెంటు పోయి వచ్చిన రాత్రి మా పక్క వీధిలో ఒక బీటెక్ కుర్రాడి కంప్యూటర్ ఢామ్మని పేలింది. కొని ఏడాది కూడా కాలేదు. తెల్లారి నా దగ్గరికి తెస్తే విప్పి చూశాను. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ పార్టులకు కావాల్సిన వోల్టేజీల్లోకి మార్చి ఇచ్చే పవర్ సప్లై డబ్బా) లోపల ఫ్యూజు నల్లగా మాడి ఉంది, పక్కనున్న కెపాసిటర్ తల ఉబ్బి చీలింది. అక్కడితో ఆగి ఉంటే బాధ లేదు. మదర్‌బోర్డూ పోయింది, డేటా దాచుకునే ఎస్‌ఎస్‌డీ కూడా పోయింది. అతని ప్రాజెక్టు, వాళ్ల అక్క పెళ్లి ఫొటోలు అందులోనే ఉన్నాయి. నలభై వేలు దాటిన ఆ బిల్లులో ఎస్‌ఎంపీఎస్ ఖరీదు ఎంతో చూద్దామంటే విడిగా రాసే లేదు. పార్టులు బిగించే పెట్టెతో కలిపి ‘క్యాబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ అని ఒక్క లైను, అంతే.

ఉరుముల వానలు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకులు రాగానే పిల్లలకు కంప్యూటర్లు కొనే హడావిడి, రెండూ మనకు ఒకే కాలంలో వస్తాయి. దానికి తోడు ర్యామ్ గోల. మెమరీ చిప్‌లను ఏఐ డేటా సెంటర్లు ఎగరేసుకుపోవడంతో 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు మండిపోయాయి. మనం ఏళ్ల తరబడి కొన్న క్రూషియల్ బ్రాండు వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో ప్రకటించింది. నాన్న ఇచ్చే బడ్జెట్ మాత్రం పెరగలేదు. ర్యామ్‌కు పోయిన డబ్బు ఎక్కడో ఒకచోట కోయాలి కదా, అందరూ కోస్తున్నది ఎస్‌ఎంపీఎస్ దగ్గర.

అందుకే ఏ ప్రాసెసర్ మంచిది, ఏ గేమ్‌కు ఎన్ని ఫ్రేములు వస్తాయి అన్నవి ఇక్కడ రాయడం లేదు. యూట్యూబ్ నిండా ఉన్నాయి.

క్యాబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ వద్దు

షాపులో కొటేషన్ రాసేటప్పుడు ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మోడల్ నంబర్లతో సహా రాస్తారు. క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి ‘గేమింగ్ క్యాబినెట్, 500 వాట్స్’ అని రాసి ఊరుకుంటారు. అద్దం తలుపు, రంగులు మారే ఫ్యాన్లు చూసి మనవాళ్లు మురిసిపోతారు. లోపల ఏ ఎస్‌ఎంపీఎస్ పెట్టారో ఎవరూ అడగరు.

అది ఎందుకు ప్రమాదమో చెబుతాను. పెంటియం త్రీ రోజుల్లో కంప్యూటర్ ఎక్కువ పవర్‌ను 5, 3.3 వోల్టుల లైన్ల మీద లాగేది. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు 12 వోల్టుల మీద ఆధారపడతాయి. చవక ఎస్‌ఎంపీఎస్‌లలో చాలా వరకు ఇంకా పాత పద్ధతే. 12, 5 వోల్టుల లైన్లు రెండింటినీ ఒకే సర్క్యూట్ కలిపి అదుపు చేస్తుంది. గేమ్ పెట్టగానే 12 లైను మీద లోడు పడి వోల్టేజీ జారుతుంది. దాన్ని నిలబెట్టబోయి ఆ సర్క్యూట్ 5 లైనును కూడా పైకి లేపేస్తుంది. నిబంధన ప్రకారం 5 వోల్టుల లైను 5.25 దాటకూడదు. సాటా ఎస్‌ఎస్‌డీ, యూఎస్‌బీకి తగిలించిన ఎక్స్‌టర్నల్ డిస్కు నడిచేది ఆ 5 మీదే. హద్దు దాటగానే తనంతట తాను ఆగిపోయే రక్షణ మంచి ఎస్‌ఎంపీఎస్‌లో ఉంటుంది. నాసిరకం దాన్ని విప్పి చూస్తే, కరెంటు లోపలికొచ్చే చోట ఫిల్టర్ కాయిల్ ఉండాల్సిన జాగాలో రెండు వైరు ముక్కలు టంకం వేసి ఉంటాయి. బోర్డు మీద పార్టుల పేర్లు అచ్చయి ఉంటాయి, ఆ పార్టులు మాత్రం ఉండవు.

ఎండాకాలంలో మన గదుల వేడికి ఇలాంటి ఎస్‌ఎంపీఎస్‌లలోని కెపాసిటర్లు ముందే సగం ఎండిపోతాయి. తర్వాత వానాకాలం మొదట్లో కరెంటు ఆడిన ఆటకు పేలతాయి. పోతూ పోతూ పక్కవాటినీ తీసుకుపోతాయి.

కాబట్టి క్యాబినెట్ విడిగా, ఎస్‌ఎంపీఎస్ విడిగా కొనండి. పేరున్న కంపెనీది 450 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు పొదుపు ముద్ర, కింద చెబుతాను) అయితే మామూలు బడ్జెట్ మెషిన్‌కు చాలు. ఇక్కడ రెండు మూడు వేలు ఎక్కువ పెట్టి, ఆ డబ్బు రంగుల ఫ్యాన్ల దగ్గరో అద్దం క్యాబినెట్ దగ్గరో మిగుల్చుకోండి. అదీ చాలకపోతే గ్రాఫిక్స్ కార్డు వచ్చే ఏడాదికి వాయిదా వేసి, రైజెన్ 5 5600జీ లాంటి లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో నడిపించండి. ప్రాసెసర్ సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, అది అంత తేలిగ్గా పాడవదు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు.

లేబుల్ ఎలా చదవాలి

పెట్టె మీద పెద్దక్షరాల్లో ఉన్న వాట్లు చూడొద్దు. పక్కనున్న చిన్న పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. ‘450 వాట్స్’ అని రాసి 12 దగ్గర 14 ఆంపియర్లే ఉంటే అది 168 వాట్ల సరుకు. నిజమైన 450లో ఆ అంకె 36 చుట్టుపక్కల ఉంటుంది. అంటే 430 వాట్లు ఆ ఒక్క లైనులోనే వస్తాయి.

వెనక 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ ఉంటే అది పాత డిజైన్, తీసుకోవద్దు. పొరపాటున ఎవరి వేలో తగిలి అది 115 వైపు జరిగితే, మన 230 వోల్టుల కరెంటు తగలగానే పేలుతుంది.

80 ప్లస్ అనేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర. అది రక్షణకు హామీ కాదు. ముద్ర ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకుని కొనకండి. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్లు ఉన్నాయో లేదో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి, వారంటీ ఎన్నేళ్లో అడగండి. అయిదేళ్లు ఇచ్చే కంపెనీ తన సరుకును నమ్మి ఇస్తోందని అర్థం. ఏడాదే ఇస్తే వద్దు.

ఇంట్లో ఎర్తింగ్

క్యాబినెట్ అంచును ముట్టుకుంటే జివ్వుమంటోందా? కంప్యూటర్ పాడైందనుకోకండి, మీ ఇంట్లో ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ ఫిల్టర్‌లోని చిన్న కెపాసిటర్ల ద్వారా పోవాల్సిన కొద్దిపాటి కరెంటు భూమిలోకి దారి లేక క్యాబినెట్ మీదే ఉండిపోతుంది. అద్దె ఇళ్లలో, హాస్టల్ గదుల్లో ఇది మామూలే. మూడో పిన్ను పట్టడం లేదని రెండు పిన్నుల అడాప్టర్ పెడుతుంటారు, కొందరైతే ఎర్త్ పిన్నును కోసేస్తారు. అలా చేశాక వేల రూపాయల స్పైక్ గార్డ్ పెట్టినా, పిడుగుపాటుకు లైనులోకి వచ్చిన సర్జ్‌ను (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీని) భూమిలోకి వదిలే దారే ఉండదు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. యూపీఎస్ ఆ తర్వాతి మాట.

యూపీఎస్ కొనేటప్పుడు వీఏ (వోల్ట్-ఆంపియర్) చూసి వాట్లు అనుకోకండి. 600 వీఏ అన్నది సాధారణంగా 360 వాట్లే. స్క్వేర్ వేవ్ (మామూలు కరెంటులా నునుపైన అల కాక చదరపు అల ఇచ్చే) పాతరకం ఇన్వర్టర్ల మీద కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కూడా కరెంటు మారే క్షణంలో ఆగిపోతాయి. ఇంట్లో పాత ఇన్వర్టర్ ఉంటే కంప్యూటర్‌ను దాని లైనులో పెట్టకండి.

ఇక మిగతావి వరుసగా:

ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ కార్డు లేకుండా స్క్రీన్ వెలగదు. ఇంటెల్ ఐ3 12100ఎఫ్ చవగ్గా వచ్చిందని కొనేసి, కార్డు తర్వాత చూద్దాం అనుకుంటే కుదరదు.

ఇంటెల్ ప్రాసెసర్లకు వాడే హెచ్610 మదర్‌బోర్డుల్లో డీడీఆర్4వి ఉన్నాయి, డీడీఆర్5వి ఉన్నాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదానిలో పట్టదు. ఇప్పటి ధరలకు ఈ పొరపాటు తట్టుకోలేరు.

లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌కు ఒకే 16 జీబీ ర్యామ్ కర్ర కంటే రెండు 8లు మేలు. గ్రాఫిక్స్ వేగం వాటి మీదే ఉంటుంది.

‘ఐ5, 16 జీబీ, గేమింగ్ పీసీ, పదిహేను వేలే’ అంటే మూడో తరం ఐ5, ఊరూపేరూ లేని హెచ్61 బోర్డు అని అర్థం. ఏ తరమో అడగండి. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతవాటికి, ఏవో కొన్ని మినహా, విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

పాత గ్రాఫిక్స్ కార్డు కొంటుంటే మీ కళ్ల ముందు అరగంట గేమ్ ఆడించి చూడండి. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీకి గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ ఆగాక రాత్రింబగళ్లు నడిచిన కార్డులు గుట్టలుగా మార్కెట్లోకి వచ్చాయి. గ్రాఫిక్స్ కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రాం తెరిచి కార్డు పేరు పక్కన ‘ఫేక్’ అని వస్తుందేమో చూడండి.

డిస్కులకు పవర్ ఇచ్చే సాటా వైరు నుంచి గ్రాఫిక్స్ కార్డుకు పవర్ ఇచ్చే కన్వర్టర్ వాడొద్దు. సాటా కనెక్టర్ 12 వోల్టుల మీద 54 వాట్ల వరకే తట్టుకుంటుంది. కార్డులోని ఎనిమిది పిన్నులు 150 వాట్ల దాకా అడుగుతాయి. ప్లాస్టిక్ కరిగి మంట లేవొచ్చు.

ఒక ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ (విడదీసి తగిలించే) వైర్లు ఇంకోదానికి పెట్టొద్దు. ప్లగ్ పడుతుంది, లోపల పిన్నుల వరుస వేరు. డిస్కులు క్షణంలో పోతాయి.

ఎస్‌ఎంపీఎస్ పెద్ద ప్లగ్‌లో పేపర్ క్లిప్ గుచ్చి ఫ్యాను తిప్పి చూపించి ‘ఎస్‌ఎంపీఎస్ బాగుంది’ అంటే నమ్మొద్దు. లోడు లేకుండా ఏదైనా తిరుగుతుంది.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లో కొన్నా, ఆన్‌లైన్లో కొన్నా, ప్రతి పార్టుకూ సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వద్దు.

బిల్లులో ఎస్‌ఎంపీఎస్ పేరు, మోడల్ విడిగా లేకపోతే డబ్బు కట్టొద్దు.

ఉరుము వినపడగానే షట్‌డౌన్ చేసి ప్లగ్ పీకండి. స్విచ్ కట్టేస్తే సరిపోదు. ఇంటర్నెట్ వచ్చే లాన్ కేబుల్ కూడా పీకండి. స్తంభం మీద నుంచి రాగి తీగతో వచ్చే నెట్ అయితే మరీ ముఖ్యం.

కరెంటు పోతే ప్లగ్ తీసేయండి. తిరిగి వచ్చాక పది నిమిషాలు ఆగి పెట్టండి.

క్యాబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్ వద్దు. ‘ఇప్పటికి పెట్టుకోండి, తర్వాత మారుద్దాం’ అన్నా వద్దు.

పేలిన ఎస్‌ఎంపీఎస్‌ను మీరు విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపల కెపాసిటర్లో మూడు వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

పేలాక బోర్డు బతికిందో లేదో చూద్దామని ఉన్న డిస్కునే తగిలించి ఆన్ చేయకండి. డిస్కు విప్పి పక్కన పెట్టి, వేరే మంచి ఎస్‌ఎంపీఎస్‌తో బోర్డు ఒక్కటే పరీక్షించండి. అది నిలకడగా నడిచాకే డిస్కు తగిలించి, ముందు డేటా కాపీ చేసుకోండి.