బంగాళాదుంపతో వంట – 3వ పాఠం: ముద్దవ్వని వేపుడు

రెండో పాఠంలో దుంపల్ని ఉడకబెట్టి, చిదిమి, పూరీలోకి కూర చేశాం. అందులో ముక్క ఎంత మెత్తబడితే అంత మంచిది కాబట్టి చెడిపోయే అవకాశం తక్కువ. ఈసారి ఉడకబెట్టడం లేదు. పచ్చి ముక్కల్నే నూనెలో వేసి పైన ఎర్రగా, లోపల మెత్తగా అయ్యేదాకా వేయిస్తాం. చెప్పుకోడానికి ఇంతకంటే తేలికైన వంట లేదు, కానీ చాలా ఇళ్లలో సగం ముక్కలు మూకుడికి అంటుకుని, మిగతా సగం ఒకదానికొకటి అతుక్కుని, పైన మాడి లోపల పలుకుగా ఉండిపోతే ఇక చేసేదేం లేక మూతపెట్టి మగ్గించేసి దించేస్తారు. నూనె తక్కువైందనో, మూకుడు మంచిది కాదనో అనుకుంటారు. నా దృష్టిలో నూటికి తొంభై సార్లు కారణం తడే. దాన్ని ఎప్పుడు వదిలించాలో, ఎప్పుడు ఉంచుకోవాలో తెలిస్తే వేపుడు వచ్చేసినట్టే.

అరకిలో దుంపలు తీసుకోండి. గట్టిగా, బరువుగా, తొక్క ముడతలు పడకుండా ఉండాలి. పచ్చరంగు తిరిగినవాటి సంగతి మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం, అవి వద్దు. ఇప్పుడు కొత్తగా చెప్పేది, ఫ్రిజ్‌లో పెట్టిన దుంపలు వేపుడుకి పనికిరావు. చల్లదనానికి దుంపలోని పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది, ఆ చక్కెర వల్ల ముక్క లోపల ఉడికేలోపే పైన నల్లబడిపోతుంది, పైగా కారం మధ్యలో ఏదో తీపి తగులుతూ ఉంటుంది. మన దేశంలో దుంప ఎక్కువగా చలికాలపు పంట, జనవరి నుంచి మార్చి దాకా తవ్వుతారు, ఆ తర్వాత నెలల తరబడి బజారుకి వచ్చేదాంట్లో చాలావరకు కోల్డ్ స్టోరేజీల్లో 2 నుంచి 4 డిగ్రీల చలిలో దాచిన సరుకే. అందుకే వానాకాలంలో అదే మంట మీద, అదే మూకుడులో చేసినా ముక్కలు తొందరగా నల్లబడుతుంటే మీ చేతిని అనుమానించకండి. అలాంటి దుంపల్ని వెలుతురు పడని చోట, గాలి తగిలేలా బుట్టలో వారం పది రోజులు ఉంచితే ఆ చక్కెర కొంత తగ్గుతుంది. చిప్స్ చేసేవాళ్లకీ ఇదే పెద్ద టెన్షన్, ఆ అవసరం కోసమే సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1998లో కుఫ్రీ చిప్సోనా-1 లాంటి చక్కెర తక్కువగా ఉండే రకాలు తీసుకొచ్చింది.

చెక్కు తీసి ఒక సెంటీమీటరు ముక్కలుగా కోయండి. పెద్దవీ చిన్నవీ కలిసిపోతే చిన్నవి మాడేదాకా పెద్దవి ఉడకవు, కాబట్టి ఈ ఒక్క పనిలో తొందరపడకండి. కోసిన ముక్కల్ని నీళ్లలో వేసి చేత్తో బాగా కలపండి, నీళ్లు పాలలా తెల్లబడతాయి. కత్తి తగిలిన చోటల్లా బయటికొచ్చిన పిండి అది. ఆ పిండి 60 నుంచి 70 డిగ్రీల వేడిలో తడి తగిలితే జిగురైపోతుంది, ముక్కల్ని మూకుడికీ ఒకదానికొకటీ అతికించేది అదే. నీళ్లు తేటగా అయ్యేదాకా రెండు మూడుసార్లు కడిగి, పావుగంట నాననిచ్చి, చిల్లుల గిన్నెలో వార్చి, పొడిబట్ట మీద పరిచి అద్దండి. చాలామంది వార్చగానే నూనెలో వేసేస్తారు, అద్దడం మాత్రం వదిలేస్తారు. నీళ్లు 100 డిగ్రీలు దాటి వేడెక్కవు, దుంప ఎర్రబడాలంటే 140 డిగ్రీల దాకా కావాలి, అంటే ముక్క మీద తడి ఉన్నంతసేపూ మీరు వేయిస్తున్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి ఉడకబెడుతున్నారు.

మూకుడు వెడల్పుగా, అడుగు మందంగా ఉండాలి. ఇనుప మూకుడైతే మరీ మంచిది. ముందు ఖాళీ మూకుడు బాగా కాలాక నాలుగు పెద్ద చెంచాల నూనె పోసి, నూనె కాగాక ఒక ముక్క వేసి చూడండి, వెంటనే చుట్టూ బుడగలు లేవాలి. అప్పుడు పావు చెంచా పసుపు, ముక్కలు వేసి ఒకే వరసలో పరచండి. ఒకదాని మీద ఒకటి పడుతున్నాయంటే రెండు విడతలుగా చేయండి, ఓపిక లేదని గుట్టగా పోస్తే కింది ముక్కల ఆవిరికి పైవి మగ్గిపోతాయి.

మొదటి మూడు నిమిషాలు అట్లకాడ ముట్టుకోవద్దు. అంటుకున్నాయేమోనని గీకాలనిపిస్తుంది, గీకితే పైపొర చిరిగి లోపలి పిండి బయటపడి నిజంగానే అంటుకుంటాయి. ఎర్రబడిన ముక్క తనంతట తనే మూకుడుని వదులుతుంది. వదిలాక అడుగు నుంచి ఒకసారి తిరగేసి, మంట మధ్యస్థంగా పెట్టి, సగం మూత వేసి ఐదారు నిమిషాలు ఉంచండి. ఇక్కడ మాత్రం ఆవిరి మనకు కావాలి, లోపలి భాగం మెత్తబడేది దానితోనే. పూర్తిగా మూసేస్తే ఆ ఆవిరి నీళ్లై కిందికి కారుతుంది, అప్పటిదాకా పడ్డ కష్టం పోతుంది. ముక్కని అట్లకాడ అంచుతో నొక్కితే విరిగిందంటే చాలు, మూత తీసేయండి, ఇక చివరిదాకా మూత పెట్టొద్దు. రెండు నిమిషాలకోసారి తిరగేస్తూ ఇంకో ఎనిమిది, పది నిమిషాలు వేయించండి.

ఉప్పు మూత తీశాక వేయండి, అరకిలోకి ఒక చిన్న చెంచా. మొదట్లోనే వేస్తే ఉప్పు ముక్కలోంచి నీళ్లు లాగుతుంది, మనం బట్టతో అద్దిందంతా తిరిగొచ్చినట్టే. ముందు వేయకపోతే లోపలికి ఉప్పు పట్టదని అంటారు గానీ సెంటీమీటరు ముక్కకి పది నిమిషాలు సరిపోతాయి.

ఇక పోపు. మామూలుగా ముందు పోపు వేసి అందులోనే ముక్కలు వేస్తాం. తొందరగా మగ్గే కూరలకి అది సరైనదే, కానీ ఇరవై నిమిషాలు వేగే దీంట్లో మినపప్పు మాడుతుంది, ఆవాలు చేదెక్కుతాయి, కరివేపాకు బొగ్గవుతుంది. అందుకని చివర్లో పోపు గరిటెలో విడిగా చెంచాన్నర నూనెతో ఆవాలు, మినపప్పు, జీలకర్ర, రెండు ఎండుమిర్చి, చిటికెడు ఇంగువ, కరివేపాకు వేయించి పైన పోయండి. ఆవాల చిటపట ఆగాకే మిగతావి వేయాలి.

కారం పొడి మాడటానికి క్షణాలు చాలు, ఇల్లంతా దగ్గు మొదలవుతుంది. పోపు కలిపి, స్టవ్ ఆపి, అర నిమిషం ఆగి, అప్పుడు చల్లండి. మిరప రంగూ మంటా రెండూ నూనెలో కరిగేవే, నీళ్లలో కాదు, కాబట్టి మూకుడు పొడిపొడిగా ఉంటే కారం ముక్కకి పట్టకుండా అడుగున రాలిపోతుంది. పోపుకి చెంచాన్నర నూనె చెప్పింది ఇందుకే. ఉత్త కారం కంటే నాకు వెల్లుల్లి కారమే ఇష్టం. ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా కారం, అర చెంచా జీలకర్ర, కొద్దిగా ఉప్పు కచ్చాపచ్చాగా దంచి వేసి, మూకుడు వేడికే రెండు నిమిషాలు కలుపుతూ ఉండండి, వెల్లుల్లి పచ్చివాసన పోతుంది గానీ ఘాటు మిగులుతుంది. అది నచ్చనివాళ్లు ఎండుకొబ్బరి, ధనియాలు, ఎండుమిర్చి కలిపి కొట్టిన పొడి వేసుకోవచ్చు. ఉత్తరాది పద్ధతిలో జీలకర్ర, ధనియాల పొడి, ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) వేస్తారు, అదీ బాగుంటుంది, కాకపోతే ఆమ్‌చూర్ పులుపు కాబట్టి ముక్క పూర్తిగా వేగాకే వేయాలి.

వేపుడు గిన్నెలోకి తీశాక మూత పెట్టకండి, వడ్డించేదాకా తెరిచే ఉంచండి.

ఈ వారం అభ్యాసానికి, అరకిలోని రెండు సగాలు చేసి, ఒక సగానికి ఉప్పు మొదట్లో, రెండో సగానికి నేను చెప్పినట్టు మూత తీశాక వేసి చూడండి. మిగతాదంతా ఒకేలా ఉండాలి, మంట కూడా. రెండూ పక్కపక్కన పెట్టుకుని అన్నంలో కలపకుండా తినండి.

నాలుగో పాఠం బంగాళాదుంప పులుసు. పులుపు తగిలిన ముక్క ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటుంది, ముక్కల్ని పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో కరగదు. అందుకని చింతపండు ఎప్పుడు పోయాలన్నదే అందులో అసలు పని. దానికి ముందుగా నిమ్మకాయంత చింతపండు, రెండు ఉల్లిపాయలు, అరకిలో చిన్న దుంపలు తెచ్చిపెట్టుకోండి, దుంపలు మాత్రం ఫ్రిజ్‌లో కాదు, బుట్టలో.